డెలోరిస్ పోట్లాట మానేసిన నెల

ఆ పొద్దున నార్బర్ట్ బురద బూట్లతోనే హాల్లోకి వచ్చి, కార్పెట్ మధ్యలో నిలబడ్డాడు. అతని భార్య డెలోరిస్ కిటికీ దగ్గర కుర్చీలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. టీవీ లేదు, రేడియో లేదు, చేతిలో గళ్ళనుడికట్టు లేదు, పక్కన కాఫీ కప్పు కూడా లేదు. బూట్ల వైపు ఒకసారి చూసి మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

"బూట్లు," అన్నాడు నార్బర్ట్, సరిగ్గా చూడలేదేమోనని.

"చూశాను."

"బురద."

"అవును, బురదే."

అంతే! ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆ కార్పెట్ మీద బురద పడితే ఇంటి పైకప్పు లేచిపోయేది. ఇవాళ పిల్లి కూడా తల ఎత్తలేదు.

ఈ గోల, గోల కాదు, ఈ గోల లేకపోవడం మొదలై పంతొమ్మిది రోజులైంది. ఎవరో డాక్టరు వీడియో చూసిందట. మనసుకి రోజంతా ఏదో ఒక ఉత్సాహం అందిస్తూ ఉంటే అది మొద్దుబారిపోతుందట, అన్నీ నెల రోజులు మానేసి చూడమన్నాడట. డెలోరిస్ జాబితా రాసి ఫ్రిజ్ మీద అంటించింది. టీవీ, ఫోను, కాఫీ, చాక్లెట్లు, గళ్ళనుడికట్టు, బుధవారం చర్చిలో బింగో. అన్నిటికంటే కింద, పెద్ద అక్షరాల్లో: నార్బ్‌తో పోట్లాట.

"ఈస్టర్ ఉపవాసాలు ఎప్పుడో అయిపోయాయి కదే! నవంబరులో ఇదేం పిచ్చి?" అన్నాడు నార్బర్ట్ ఆ రోజు.

"ఉపవాసం కాదు, ప్రయోగం. ఏమవుతుందో చూద్దామని."

"పోట్లాట కూడా టీవీ లాంటిదేనా?"

"టీవీ ఏ మూలకి? పొద్దున్నే నీతో ఒక రౌండు వేసుకోకపోతే నాకు ఒంట్లో రక్తం ఆడదు."

నార్బర్ట్ పగలబడి నవ్వాడు. రెండు రోజుల ముచ్చట అనుకున్నాడు. రైలింజన్ల ఫ్యాక్టరీలో నలభై ఏళ్ళు సుత్తి దెబ్బల మధ్య బతికిన మనిషికి మొదట్లో ఆ ప్రశాంతత హాయిగానే ఉంది. నాలుగో రోజుకి గోడ గడియారం చప్పుడు వినిపించడం మొదలైంది. ఆరో రోజుకి అనుమానం మొదలైంది.

ఎందుకంటే ఆవిడ తనలో తనే నవ్వుకుంటోంది. ఫోను ఇంట్లో వదిలేసి మధ్యాహ్నం గంటసేపు నడకకి పోతోంది. ఎర్ర అట్ట పుస్తకంలో ఏదో రాసి, నార్బర్ట్ అడుగుల చప్పుడు వినగానే మూసేస్తోంది. అరవై రెండేళ్ళ ఆడమనిషికి భర్త చూడకూడని రాతలేమిటి?

శుక్రవారం క్లబ్బులో చేపల వేపుడు తింటూ, పాత స్నేహితుడు చెస్టర్ దగ్గర నోరు జారాడు. చెస్టర్ ఫోర్కు కింద పెట్టేశాడు.

"అస్సలు తిట్టడం లేదా?"

"ఒక్క ముక్క కూడా."

"అయిపోయావురా నార్బీ! నా రెండో పెళ్ళాం కూడా ఇంతే. తిట్టడం ఆపేసింది. దేవుడు కరుణించాడని నేను కొవ్వొత్తి కూడా వెలిగించాను. ఆరు వారాలకి లాయరు దగ్గర్నుంచి కాగితం వచ్చింది. సరే, ఆ టార్టార్ సాసు ఇటు జరుపు."

ఆ రోజు నుంచి నార్బర్ట్‌కి తిండి సహించలేదు. పరీక్షలు పెట్టడం మొదలుపెట్టాడు. తడి తువ్వాలు పరుపు మీద పడేశాడు. ఆవిడ తీసి ఆరేసింది. పొద్దున ఆరున్నరకే పడకగది కిటికీ కింద ఆకులు ఊదే మిషను వేశాడు. ఆవిడ లేచి దుప్పటి మడతపెట్టింది. ఇక లాభం లేదని బ్రహ్మాస్త్రం తీశాడు.

"ఎంతైనా దుంపకూర కూరిన పియరోగీలు మీ అక్క చేసినట్టు ఎవరూ చెయ్యలేరు."

డెలోరిస్ నమలడం ఆపింది. మెడ మీద నరం ఒకటి కదిలింది. నార్బర్ట్ ఆశగా ముందుకి వంగాడు.

"అవును. అక్క పిండి బాగా కలుపుతుంది," అంది ఆవిడ.

అమ్మ బాబోయ్! ఇక సందేహమే లేదు, ఎవడో ఉన్నాడు. మర్నాడు కారులో దూరంగా వెనకే వెళ్ళాడు. ఆవిడ సరస్సు ఒడ్డు దాకా నడిచి, పది నిమిషాలు నీళ్ళ వైపు చూసి తిరిగి వచ్చేసింది. ఎవడూ రాలేదు. తన కారు చూసి వాడు తప్పుకున్నాడని నార్బర్ట్ తేల్చుకున్నాడు.

బూట్ల పరీక్ష కూడా తప్పిన ఈ పొద్దున, మేడ మీదకి వెళ్ళి చూస్తే మంచం మీద నీలం సూట్‌కేసు తెరిచి ఉంది. డెలోరిస్ అప్పటికే స్నానానికి వెళ్ళింది. నార్బర్ట్ గబగబా కిందికి దిగి, వంటగదంతా గాలించాడు. ఎర్ర పుస్తకం పిండి డబ్బాలో దొరికింది.

ప్రతి పేజీలో తేదీ, కింద రెండు గళ్ళు. "ముందు గొడవకి దిగింది ఎవరు?" అని పైన రాసి ఉంది. డెలోరిస్ గడిలో పంతొమ్మిది రోజులకీ కలిపి రెండు గీతలు. నార్బ్ గడిలో ఇరవై తొమ్మిది. తువ్వాలు, మిషను, అక్క పియరోగీలు, అన్నీ ఎక్కాయి. చివరి పేజీలో నాలుగు వాక్యాలు: "తప్పు నాదేమో అనుకున్నాను. నేను ఆపినా ఆగలేదు. క్రిస్టా అన్నదే నిజం. ఆదివారం వెళ్ళిపోతాను."

"పిండిలో ఏం వెతుకుతున్నావు?"

గుమ్మంలో డెలోరిస్. నార్బర్ట్ చొక్కా నిండా పిండి.

"ఎవడు వాడు?"

"ఎవడు?"

"నాటకాలాడకు! సూట్‌కేసు చూశాను. మన పిల్ల క్రిస్టాకి కూడా తెలుసన్నమాట! ఊరందరికీ తెలిసి నాకే తెలియదా?"

డెలోరిస్ అతన్ని ఎగాదిగా చూసింది. తర్వాత నెమ్మదిగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"క్రిస్టాకి ఐదో నెల, నార్బ్."

నార్బర్ట్ పుస్తకం బల్ల మీద పెట్టేశాడు.

"సెప్టెంబరులో చెప్పింది. బిడ్డని మాత్రం మన ఇంటికి తీసుకురాదట. 'మీరిద్దరూ అరుచుకుంటుంటే నేను బట్టల అలమరలో కూర్చుని చెవులు మూసుకునేదాన్ని, నా బిడ్డకి ఆ గతి పట్టనివ్వను' అంది. ఆ మాట నీతో ఎలా చెప్పను? గొడవ మొదలుపెట్టేది నేనేనేమో, నా నోరు కట్టుకుంటే ఆగుతుందేమో అని ఈ ప్రయోగం పెట్టుకున్నాను. ఎక్కడ ఆగింది? నేను నోరెత్తకపోయినా నువ్వు రోజూ వచ్చి గిల్లుతూనే ఉన్నావు. అందుకే పిట్స్‌బర్గ్ వెళ్ళి దాని దగ్గరే ఉండిపోదామనుకున్నాను. నా మనవడినో మనవరాలినో నాకు ఎత్తుకోవాలని ఉంది."

"అవి లెక్కలోకి రావు," అన్నాడు నార్బర్ట్.

"ఏవి?"

"ఈ గీతలు. అన్నీ కావాలనే చేశాను, నువ్వు తిడతావని."

"తిట్టించుకోవడానికి చేశావా?"

"నువ్వు ఊరుకుంటే భయమేసింది డెలోరిస్. నా మీద ఆశ వదిలేసుకున్నావనుకున్నాను. ఒక్కసారి తిడితే చాలు, ఇంకా నా మనిషివే అని ధైర్యంగా ఉంటుందని..."

డెలోరిస్ అరవడానికే నోరు తెరిచింది. అరుపు బదులు నవ్వు వచ్చింది, ఆ వెనకే ఏడుపు.

"వెర్రిమాలోకమా! నేను వెళ్ళిపోతానని భయపడి నువ్వు చేసిన పనులకే కదా, నేను వెళ్ళిపోదామనుకుంది!"

నార్బర్ట్ నవ్వలేదు. పిండి చేతులతో బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"ఆ అలమర. నేను వెళ్ళి తలుపు తీస్తే అది లోపల ముడుచుకుని ఉండేది. దాగుడుమూతలు అనుకునేవాణ్ణి. 'నీ అంత బాగా ఎవరూ దాక్కోలేరు తల్లీ' అని మెచ్చుకునేవాణ్ణి."

డెలోరిస్ లేచి వెళ్ళి అతని భుజం పట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు, దాచుకోకుండా. చాలాసేపటికి నార్బర్ట్ మొహం తుడుచుకుని ఫోను తీశాడు.

"నాన్నా? ఏమైంది?" అంది క్రిస్టా. నాన్న పొద్దున్నే ఎప్పుడూ ఫోను చెయ్యడు. "ఏంటి, అక్కడ ఇంత నిశ్శబ్దంగా ఉంది? అమ్మ ఎక్కడ? అమ్మకేమైనా అయిందా?"

"అమ్మ నా పక్కనే ఉంది."

"నిజం చెప్పు నాన్నా. ఏదో దాస్తున్నావు."

"నువ్వు ఆ అలమరలో ఆడుకుంటున్నావనుకున్నానమ్మా," అన్నాడు నార్బర్ట్. "నిజంగా అలాగే అనుకున్నాను."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"ఆదివారం అమ్మతో నేనూ రావచ్చా?"

డెలోరిస్ ఫోను దగ్గరికి వంగింది.

"భోజనానికి రండి," అంది క్రిస్టా చివరికి. "బిడ్డ సంగతి తర్వాత. ముందు రెండు గంటలు. అది ఎలా జరుగుతుందో చూస్తాను."

కన్నతండ్రికే షరతులా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. నార్బర్ట్ దాన్ని మింగేశాడు.

"సరేనమ్మా," అన్నాడు.