తుమ్మబంక కోసం వెళ్లిన వకుళ

పూర్వం హేలాపురి రాజ్యానికి ఒక వింత కష్టం వచ్చిపడింది. అక్కడ నూనె, నీరు కలిసిన వస్తువేదీ నిలిచేది కాదు. పాలు పొయ్యి మీద పెట్టకముందే విరిగిపోయేవి. చిత్రకారుల రంగులు గోడ మీదనే విడిపోయి కారిపోయేవి. వైద్యుల లేపనాలు పైన నూనె, కింద నీరు అయిపోయేవి. గాయాలు మానే దారిలేక జనం అల్లాడారు.

కారణం తెలిసింది ఒక్క వకుళకే. ఆమె లేపనాలు చేసే మార్తాండుడి కూతురు. ఒకనాడు పగిలిన పాదాలతో ఒక ముసలమ్మ వాళ్ల అంగడికి వచ్చి, కాస్త లేపనం అడిగింది.

"ఇది అంతఃపురానికి! నీ కాళ్లకు బురద చాల్లే," అంది వకుళ.

ఆ ముసలమ్మ నల్లకొండ యక్షిణి. "మీ రాజ్యంలో కలిసినవన్నీ విడిపోవుగాక!" అని శపించి మాయమైంది. వకుళ భయపడి ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నెల తిరక్కుండానే మరుగుతున్న మైనం ఒలికి మార్తాండుడి చేతులు కాలాయి. పూయడానికి లేపనం లేదు. తండ్రి మూలుగు వినలేక వకుళ యక్షిణిని వెతుకుతూ అడవిదారి పట్టింది.

దారిలో ఒక ఎలుగుబంటి అడ్డం వచ్చింది. దాని అరికాలిలో ముల్లు చూసి, వకుళ పీకేసింది.

"శాపం తీరాలంటే యక్షిణికి విడిపోని లేపనం ఇవ్వాలి," అంది ఎలుగుబంటి. "నూనె, నీరు ఒకదాన్నొకటి ఒల్లవు. రెండింటికీ చుట్టమైనది మాయతుమ్మ బంక. ఆ చెట్టుకు రాక్షసుడు కాపలా."

చెట్టు దగ్గర రాక్షసుడు ఆమెను చూసి గర్జించాడు. "నిజం చెబితే బంక, అబద్ధమాడితే చావు! శాపం ఎవరివల్ల వచ్చింది?"

వకుళ "నావల్లే," అని ఏడ్చేసింది. రాక్షసుడు పక్కకు తప్పుకున్నాడు.

ఆమె బంకను నీటిలో నానబెట్టి, నూనెను చుక్కచుక్కగా పోస్తూ, చేతులు బొబ్బలెక్కేదాకా నూరింది. లేపనం మీగడలా తెల్లబడి నిలిచింది. దాన్ని నల్లకొండకు తీసుకెళ్లి యక్షిణి పాదాలకు తానే పూసి క్షమించమంది.

"శాపం తీసేశాను," అంది యక్షిణి. "జరిగిన నష్టం మాత్రం నేను తీర్చలేను తల్లీ."

రాజ్యంలో పాలు మళ్లీ పొంగాయి. గాయాలు మానాయి. రాజు వకుళను ఆస్థాన వైద్యురాలిని చేశాడు. కానీ ఆమె తిరిగొచ్చేసరికే మార్తాండుడి వేళ్లు వంకరపోయి బిగుసుకున్నాయి. ఏ లేపనానికీ లొంగలేదు.

"ఆ శాపం నా నోటి దురుసువల్లే వచ్చింది నాన్నా," అంది వకుళ.

"ఆరోజే చెప్పి ఉంటే, ఇద్దరం కలిసి వెళ్లేవాళ్లం కదమ్మా," అన్నాడు తండ్రి.

వకుళ ఎంత గొప్ప వైద్యురాలైనా, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి తండ్రికి అన్నం కలిపి తినిపించేది. ఆయన నవ్వుతూ తినేవాడు. ఆమెకే ఆ నవ్వు చూసినప్పుడల్లా కళ్లు చెమర్చేవి.