ఎడమ పక్క కుర్చీ

"ఈ రోజు నీ ఫ్రెండ్ ఓడిపోవాలి. మొత్తం ఊడ్చుకుపోవాలి. అది నీ డ్యూటీ."

సుమ్మాదేవి స్టేషన్ ప్లాట్‌ఫామ్ మీద ఎండుచేపల బుట్ట ముందు కూర్చున్న ఆవిడ, ఈ మాట చెబుతూనే ఒక చేపల కట్ట తీసి చంద్రమౌళి చేతిలో పెట్టింది. చూసేవాళ్లకి బేరం కుదిరినట్టే ఉంటుంది. అసలు సంగతి వేరు. ఆవిడ విజయకుమారి, తూర్పు తీరం గూఢచారి విభాగానికి ఆపరేషన్స్ చీఫ్. ఎండుచేపల వాసన ఆవిడకి చచ్చినా పడదు. ముక్కులో దూది కుక్కుకుని మరీ వచ్చింది పాపం.

కోడ్ మాటలు అంతకుముందే అయిపోయాయి. "ఈ ఏడు పిక్క ఎలాగుందమ్మా?" అని అతనడిగాడు. "మంచు కొట్టీసింది నాయనా" అని ఆవిడంది. ఆ పలాస ప్రాంతంలో రోజుకి వెయ్యిమంది జీడిపిక్క గురించి అనుకునే మాటలే అవి. కాబట్టి ఎవడూ తలెత్తి చూడలేదు.

"మేడమ్, ఢిల్లీరావుని ముందే పిలిచి ఒక్క మాట చెబితే?"

"చెబితే వాడు రాడు. వాడు రాకపోతే విక్టర్ చేతికి ఆ పడవ జీపీఎస్ వెళ్లదు. వెళ్లకపోతే మన దగ్గర సాక్ష్యం సున్నా. ఆరు నెలల పని బూడిదలో పోసినట్టే."

"విక్టర్‌తో పాటు వాడిని కూడా..."

"తీసుకున్నవాడు, ఇచ్చినవాడు. ఇద్దరూ లోపలికే. అలా చూడకు చంద్రమౌళీ, చట్టం నేను రాయలేదు."

చంద్రమౌళి ఎండుచేపల కట్ట పట్టుకుని బైక్ ఎక్కాడు. టెక్కలి దాటాక ఆ కట్టని కాలవలోకి విసిరేశాడు. చేపల వాసన వల్ల కాదు.

సంగతేమిటంటే, మూలపేటలో కొత్త పోర్టు పనులు మొదలయ్యాక విక్టర్ అనే విదేశీయుడు దిగాడు. ఇసుక తవ్వే మెషీన్ల బ్రోకర్‌నని చెప్పుకుంటాడు. వైజాగ్‌లో ఆరేళ్లుండి తెలుగు నేర్చుకున్నాడు. నిజానికి ఒక విదేశీ ముఠాకి ఈ తీరంలో పెద్ద తలకాయ వాడే. ప్రతి ఆదివారం మధ్యాహ్నం, సముద్రానికి దగ్గర్లో ఒక కొబ్బరితోట గెస్ట్‌హౌస్‌లో పోకర్ టేబుల్ నడుపుతాడు. నో లిమిట్ హోల్డెమ్, క్యాష్ గేమ్. ఒక్కొక్కరికి రెండు ముక్కలు, మధ్యలో అందరికీ కలిపి ఐదు ముక్కలు. ఎప్పుడు కావాలంటే అప్పుడు ముందున్న చిప్స్ మొత్తం తోసెయ్యొచ్చు. పడవలవాళ్లనీ, కాంట్రాక్టర్లనీ ఆ టేబుల్ దగ్గర ఒలిచేసి, చేతిలో ఏమీ లేనప్పుడు వాళ్ల దగ్గరున్న రహస్యాలు అడుగుతాడు.

ఆ టేబుల్ దగ్గరికి చేరాలంటే వెంట ఒక పడవ మనిషి ఉండాలి. చంద్రమౌళికి తెలిసిన పడవ మనిషి ఒక్కడే. టెక్కలి కాలేజీలో ఒకే బెంచీ మీద కూర్చున్న ఢిల్లీరావు. నిమ్మాడ రైతుబిడ్డకీ, ఉద్దానం గంగపుత్రుడికీ అప్పట్నుంచీ బావా అంటే బావా. "సరదాకి రారా, ఏం కాదు" అని తీసుకెళ్లాడు. ఎంట్రీ టికెట్ లాగా వాడుకున్నాడన్నమాట. సిగ్గులేని పని. చేసేటప్పుడు మాత్రం భలే ప్లాన్ అనుకున్నాడు.

తర్వాత తెలిసింది అసలు బండారం. క్రిందటేడు నేవీ వాళ్లు సముద్రం అడుగున చప్పుళ్లు వినే సాధనాలు దింపడానికి ఢిల్లీరావు పడవే అద్దెకి తీసుకున్నారు. మొత్తం నలభై రెండు చోట్ల దింపారు. ఎక్కడా రాసుకోవద్దని గట్టిగా చెప్పారు. ఢిల్లీరావు రాసుకోలేదు కూడా. కానీ వల చిరిగే రాయి ఉన్నచోటల్లా జీపీఎస్‌లో గుర్తు నొక్కడం ఆ ఊళ్లో ప్రతివాడికీ చేతి అలవాటు. పడవ ఆగిన నలభై రెండు చోట్లా వేలు దానంతటదే నొక్కేసింది. ఆ సంగతి టేబుల్ దగ్గర నవ్వుతూ చెప్పేశాడు అమాయకుడు. విక్టర్ నవ్వలేదు.

ఇంక ఓడించడం మిగిలింది. ఆ పని విక్టర్ కంటే బాగా చేసింది చంద్రమౌళే.

డిపార్ట్‌మెంట్ అతన్ని మూడు నెలలు ఒక గదిలో కూర్చోబెట్టి ఆట నేర్పించింది. నేర్పిన ముసలాయన తక్కువ మాట్లాడేవాడు. పదిసార్లలో ఎనిమిదిసార్లు ముక్కలు పారెయ్. ప్రతిదానికీ కాల్ చేసేవాడి మీద బ్లఫ్ చెయ్యకు, మంచి ముక్క వచ్చినప్పుడే పెద్దగా పెంచు. అన్నిటికంటే ముఖ్యం, టేబుల్ మీద బలహీనుడెవడో చూసి, వాడి ఎడమ పక్క కూర్చో. వాడేం చేశాడో చూశాకే నీ వంతు వస్తుంది. ఆరు ఆదివారాలు చంద్రమౌళి ఢిల్లీరావుకి ఎడమ పక్కనే కూర్చున్నాడు. స్నేహితుడు కాబట్టి పక్కన కూర్చున్నాడనుకున్నారు అందరూ. ఢిల్లీరావైతే తన టీ కూడా అతనికి సగం పోసేవాడు.

ఇంకో పాపం ఉంది. చేపలు ఒడ్డుకి చేరకుండా లెక్కపెట్టకూడదని ఢిల్లీరావు వాళ్ల అయ్య నియమం. వల నిండుగా ఉన్న రోజున పడవలో ఎవరూ అంకె పలకరు. అదే అలవాటు టేబుల్ మీదకీ వచ్చింది. మంచి ముక్కలుంటే చిప్స్ లెక్కపెట్టకుండా తోసేస్తాడు. ముక్కలు లేకపోతే ఒక్కొక్కటీ పేర్చి లెక్కపెడతాడు. ఈ గుట్టు తెలిసింది ప్రపంచంలో ఒక్క చంద్రమౌళికే. లెక్కపెట్టినప్పుడల్లా పెంచాడు, పెట్టనప్పుడల్లా తప్పుకున్నాడు. ఢిల్లీరావు కొత్త ఇంజన్‌కి దాచుకున్నదంతా అలా కరిగిపోయింది.

రెండు గంటలకి ఆట మొదలైంది. చంద్రమౌళి రొయ్యల మేత డీలర్ వేషంలో ఉన్నాడు. చేతికి బ్రేస్‌లెట్, మెలేసిన మీసం, ముక్కల మీద బరువుగా పెట్టుకోవడానికి ఒక జీడిపిక్క. ఆ పిక్కని రెండుసార్లు నొక్కితే తోట బయటున్న కమాండోలకి సిగ్నల్ వెళుతుంది. ముక్కలు పంచేది బిందుమాధవి. పచ్చ సిల్కు చీర, చెవులకి రాళ్ల జూకాలు, నవ్విందంటే కాంట్రాక్టర్లు తమ వంతు మర్చిపోయేవారు. విక్టర్ దగ్గర జీతం తీసుకుంటుంది. మన డిపార్ట్‌మెంట్ దగ్గర కూడా తీసుకుంటుంది. ఎవరి పని నిజంగా చేస్తుందో విజయకుమారి కూడా ఒట్టేసి చెప్పలేదు.

నాలుగయ్యేసరికి టేబుల్ దగ్గర ముగ్గురే మిగిలారు. ఢిల్లీరావు ముందు చిప్స్ లేవు.

"మిత్రమా, ఆ చిన్న మెషీన్ తెచ్చావు కదా" అన్నాడు విక్టర్ మెత్తగా. "టేబుల్ మీద పెట్టు. పది లక్షల చిప్స్ ఇస్తాను. నువ్వు గెలిస్తే నా చిప్స్ నాకిచ్చి నీ మెషీన్ నువ్వు తీసుకెళ్లు. ఓడితే అది నాది."

ఢిల్లీరావు చంద్రమౌళి వైపు తిరిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఏటి బావా, పెట్టీమంటావా? నేవీ సార్లకి తెలిస్తే సంపీస్తారు. కానీ ఇంజను లేకపోతే మా ఇంటిది దుర్గ మొకం ఎలగ సూడాల?"

'వద్దురా' అనాల్సింది. "నీ ఇట్టం" అన్నాడు చంద్రమౌళి. ఆ రెండు మాటలకీ తనని చెప్పుచ్చుకు కొట్టినా తప్పులేదనిపించింది.

జీపీఎస్ టేబుల్ మీదకి వచ్చింది. బిందుమాధవి ముక్కలు పంచింది.

చంద్రమౌళి ముక్కల అంచు ఎత్తి చూశాడు. ఇస్పేటు రాజు, డైమన్ రాజు. పెంచాల్సింది. పెంచలేదు, ఊరికే కాల్ చేశాడు. విక్టర్ కూడా కాల్ చేశాడు. మధ్యలో మూడు ముక్కలు తెరుచుకున్నాయి. ఆఠీను రాజు, కళావరు తొమ్మిది, డైమన్ నాలుగు.

మూడు రాజులు. ఇంతకంటే మంచి చెయ్యి ఈ టేబుల్ మీద ఇంకొకటి లేదు.

ఢిల్లీరావు తన పది లక్షల చిప్స్‌నీ రెండు చేతులతో ముందుకి తోసేశాడు. లెక్కపెట్టలేదు. కనీసం వాటి వైపు చూడలేదు.

చంద్రమౌళికి అర్థమైపోయింది. రాజులు తన దగ్గరున్నాయి కాబట్టి, వీడి దగ్గర తొమ్మిదుల జత ఉండాలి. మధ్యలో దానితో కలిపి మూడు తొమ్మిదులు. జన్మలో వాడికొచ్చిన గొప్ప చెయ్యి. తను కాల్ అంటే చాలు, మూడు రాజుల కింద ఆ తొమ్మిదులు నలిగిపోతాయి. జీపీఎస్ విక్టర్ చేతికి వెళుతుంది. కమాండోలు వస్తారు, ఢిల్లీరావు చేతులకి బేడీలు పడతాయి. మిషన్ సక్సెస్. నేర్పిన ముసలాయన ఇక్కడుంటే ఆలోచించడానికేముందని కసురుకునేవాడు.

"టైమ్ అవుతోంది సార్" అంది బిందుమాధవి.

ఆరు ఆదివారాలు వీడిని తిన్నాను. ఇంక చాలు అనుకున్నాడు. జీడిపిక్క పక్కకి తీసి, రెండు రాజుల్నీ బోర్లా తోసేశాడు. "ఫోల్డ్."

బిందుమాధవి ఆ ముక్కల్ని తీసుకుంటూ వేలితో కొంచెం ఎత్తి చూసింది. ఒక్క క్షణం ఆమె నవ్వు ఆగింది. వాటిని మిగతా ముక్కల్లో కలిపేసింది.

విక్టర్ నవ్వాడు. ఏ దేశంలోనైనా చిప్స్ లెక్కపెట్టకుండా తోసేవాడంటే తెగించినవాడే అని అతని లెక్క. ఉద్దానం పడవ ఎప్పుడూ ఎక్కలేదు మరి. "కాల్" అని ఆసు, కళావరు రాజు తెరిచాడు. ఢిల్లీరావు రెండు తొమ్మిదులూ తిప్పాడు. మిగతా రెండు ముక్కలు పడ్డాయి. రెండూ, ఆరూ. అంతే.

"గెల్సినాను" అన్నాడు ఢిల్లీరావు, తనలో తనే చెప్పుకుంటున్నట్టు. విక్టర్ ఇచ్చిన పది లక్షల చిప్స్ విక్టర్ వైపే నెట్టేసి, తన జీపీఎస్ మీద చెయ్యేశాడు.

విక్టర్ చేతిలోకి పిస్టల్ వచ్చింది. మర్యాద అంతా ఆ క్షణమే పోయింది.

"వదులు."

"గెల్సినాను. ఇయ్యను." ఢిల్లీరావు దాన్ని గుండెకి హత్తుకున్నాడు. పిస్టల్ మడమతో కణత మీద ఒకటి పడింది. రక్తం కారింది. అయినా వదల్లేదు. రెండో దెబ్బకి వేళ్లు జారాయి. చంద్రమౌళి బల్ల కింద పిక్కని రెండుసార్లు నొక్కాడు. కమాండోలు రావడానికి తొంభై సెకన్లు పడుతుంది. విక్టర్‌కి ముప్పై చాలు.

"బిందూ, కేబుల్!" ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కేబుల్ తీసిచ్చింది. విక్టర్ జీపీఎస్‌ని శాటిలైట్ ఫోన్‌కి తగిలించాడు. పిస్టల్ మాత్రం ఢిల్లీరావు తల మీదే ఉంది. స్క్రీన్ మీద సున్నా శాతం. ఇరవై సెకన్లయింది. సున్నా శాతమే. విక్టర్ కేబుల్ పీకి మళ్లీ గుచ్చాడు. కన్ను ఫోన్ మీదకి తిరిగిన ఆ ఒక్క క్షణంలో చంద్రమౌళి బల్లని ఎత్తి అతని మీదకి తోసేశాడు. చిప్స్ వానలా కురిశాయి. గుండు సీలింగ్‌లోకి పోయింది. ఢిల్లీరావు విక్టర్ మీద పడి కదలకుండా పట్టుకున్నాడు. కాసేపటికి తలుపు విరిగింది, కమాండోలు దిగారు.

బిందుమాధవి జుట్టు సర్దుకుంటూ కేబుల్ చుట్టుకుంది. "కాశీబుగ్గ బస్టాండ్‌లో కొన్నాను. చార్జింగ్ తప్ప ఇంకేదీ ఎక్కదు" అంది. చంద్రమౌళి పక్కగా నడుస్తూ మెల్లగా, "రాజులు పారేశావని మేడమ్‌కి చెప్పనులే" అని వెళ్లిపోయింది.

చట్టం ప్రకారం ఇప్పుడు ఢిల్లీరావు దొంగ కాదు. రహస్యాన్ని కాపాడబోయి దెబ్బలు తిన్న సాక్షి.

సాయంత్రం ఇద్దరూ ఇసుక మీద పడవనానుకుని కూర్చున్నారు. ఢిల్లీరావు తలకి కట్టు ఉంది, మొహం మాత్రం వెలిగిపోతోంది. చంద్రమౌళి ఎవరో, ఏ ఉద్యోగమో కమాండోల దగ్గర వినేశాడు. దానికేం బాధపడలేదు. పైగా గర్వపడ్డాడు.

"ఆటొచ్చీసింది బావా నాకు. ఆడి మొకం సూసినావా? ఇచ్ఛాపురం అవతల ఇంకో టేబులుందంట. ఎల్దామేటి?"

"ఇంక మానీరా."

"అదేటి? ఓడిపోయినన్నాళ్లూ పక్కన కూకుని ఆడించినావు. గెల్సిన రోజున మానీమంటావా?"

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. ఊరుకుంటే వీడికి తను బావగానే మిగులుతాడు, కానీ వీడు ఆడుతూనే ఉంటాడు. చంద్రమౌళి ఇసుక వైపు చూస్తూ మొత్తం చెప్పేశాడు. ఎంట్రీ టికెట్ సంగతి. ఎడమ పక్క కుర్చీ ఎందుకో. లెక్కపెట్టడం, లెక్కపెట్టకపోవడం. ఈ రోజు పారేసిన రెండు రాజులు.

ఢిల్లీరావు పక్కనున్న గవ్వలు ఏరి, ఒక్కొక్కటీ లెక్కపెట్టి ఇసుక మీద పేర్చాడు.

"అంటే ఇయ్యాల గెల్సింది కూడా నాను కాదన్నమాట" అన్నాడు చివరికి. "మా అయ్య నియమం నీకు సెప్పింది నానే. కాలేజీలో. ఇంకెవలికీ సెప్పలేదు."

"తప్పు చేసినాన్రా. నీ డబ్బంతా డిపార్ట్‌మెంట్ తిరిగిచ్చేస్తాది. నేనే రాయిస్తాను."

ఢిల్లీరావు లేచి పంచె దులుపుకున్నాడు.

"ఇప్పించండి సార్. ఇంజను కొనుక్కోవాల" అని, చాలా మర్యాదగా దండం పెట్టి ఊళ్లోకి నడిచాడు.

మర్నాడు చంద్రమౌళి రిపోర్ట్ టైప్ చేశాడు. 'ఆపరేషన్ వల్ల పౌరులకి జరిగిన నష్టం' అన్న గడి దగ్గర కాసేపాగి, 'ఒక స్నేహితుడు' అని కొట్టి పంపించాడు.

గంటలో విజయకుమారి నుంచి మెసేజ్ వచ్చింది. 'కంగ్రాట్స్. రిపోర్ట్ చాలా బాగుంది. నష్టం గడిలో పొరపాటున ఏదో టైప్ అయింది, లేదు అని నేనే సరిచేశాను.'