గాజుకి అవతల

"అది సినిమా కాదు మేడమ్, రెండున్నర గంటల ఏడుపు. టికెట్‌తో పాటు చేతిరుమాలు కూడా ఇస్తారేమో కనుక్కోండి."

నా నోటికి తాళం వేసే దేవుడు ఆ రోజు సెలవులో ఉన్నట్టున్నాడు.

మా రేడియో స్టేషన్‌లో మధ్యాహ్నం వచ్చే మహిళల కార్యక్రమానికి ఆమె యాంకర్, నేను సౌండ్ ఇంజినీర్ని. మా మధ్య ఒక గాజు తెర. అటు మైకు ముందు ఆమె, ఇటు మీటల ముందు నేను. రెండేళ్లుగా ఆ గొంతుని చెవుల్లో పెట్టుకుని తిరుగుతున్నాను. ఆ మాట చెప్పడానికి మాత్రం నోరు పెగలదు. వెక్కిరించడానికైతే ఎప్పుడూ ముందుంటుంది.

"చూడకుండానే తీర్పు చెప్పేశారా ఇంజినీర్ గారూ?"

"పోస్టర్ చూశాగా! యాభై ఏళ్ల ఇల్లాలు ఈత నేర్చుకుంటుందట. మునిగిందా, తేలిందా, అంతేగా కథ."

ఆమె చురచురా చూసింది. ఆ చూపుకి మైకు అక్కర్లేదు.

మర్నాడు నిజంగానే ఆమె గొంతు పోయింది. జలుబు దెబ్బకి గుసగుస కూడా బయటికి రావట్లేదు. ఫోన్‌లో టైప్ చేసి నా ముఖం ముందు పెట్టింది.

'రేపు లైవ్‌లో ఆ సినిమా గురించి మీరే మాట్లాడండి. మీ సీట్లో నేను కూర్చుంటా.'

"నేనా? మైకు చూస్తే నాకు చెమటలు పడతాయి!"

మళ్లీ టైప్ చేసింది. 'వెక్కిరించారో, సోమవారం నుంచి పొద్దుటి షిఫ్టుకి మారిపోతా.'

పొద్దుటి షిఫ్టు ఇంజినీర్ మంచివాడు, అందగాడు, పైగా పెళ్లి కానివాడు.

ఆ సాయంత్రం వానలో తడుస్తూ ఆ సినిమాకి వెళ్లాను. హాలు నిండా ఆడవాళ్లే. పక్క సీట్లో పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఎవరితో వచ్చావు బాబూ?"

"ఒక్కణ్ణేనండీ."

"అయ్యో పాపం!" అంటూ పాప్‌కార్న్ నా వైపు జరిపింది.

ఇంటర్వెల్ దాకా ఆవులించాను. ఆ తర్వాత ఆ ఇల్లాలు మొదటిసారి కొలను ఈ చివర నుంచి ఆ చివరికి ఈది, ఇంటికొస్తుంది. జుట్టు నుంచి నీళ్లు కారుతుంటాయి. భర్త రిమోట్ ఎక్కడుందంటాడు. కొడుకు ఛార్జర్ ఎక్కడుందంటాడు. జుట్టెందుకు తడిసిందని ఒక్కరూ అడగరు. ఆవిడ రెండూ వెతికి ఇచ్చి పొయ్యి దగ్గరికి వెళుతుంది.

తెరమీద ఎవరూ ఏడవలేదు. ఏడ్చింది నేను.

"ఏసీ చల్లగా ఉందండీ, జలుబు..." అన్నాను పెద్దావిడతో.

"జలుబైతే ముక్కు తుడుచుకోవాలి బాబూ, కళ్లు కాదు."

మర్నాడు సీట్లు మారాయి. గాజు అవతలికి మాట వినపడదు కాబట్టి మా పనిలో అన్నీ సైగలే. రెండు చేతులూ దగ్గర పెట్టి రబ్బరులా సాగదీస్తే 'ఇంకా మాట్లాడు' అని. మెడ దగ్గర చెయ్యి అడ్డంగా ఆడిస్తే 'ఇక ఆపు' అని. రెండేళ్లుగా నేను చేసే సైగలు ఇవాళ ఆమె చేతుల్లో ఉన్నాయి.

ఎర్ర లైటు వెలిగింది.

"నమస్కారమండీ. మీ యాంకర్ గారికి గొంతు బాగోలేదు. నేను ఆవిడ ఇంజినీర్ని. ఈ సినిమాని వెక్కిరించాలనే వెళ్లాను. ఏడ్చి వచ్చాను."

ఆమె మీటల మీంచి తలెత్తింది.

తడిసిన జుట్టు సంగతి చెప్పాను. "ఆ భర్త మీద నాకు భలే కోపం వచ్చిందండీ. ఇంటికొచ్చాక ఆలోచిస్తే, అతను చూడడు, నేను చూస్తాను గానీ చెప్పను. ఎదుటి మనిషికి ఏమిటి తేడా? మీ యాంకర్ గారు హెడ్‌ఫోన్స్ పెట్టుకునే ముందు ఎడమ చెవి జూకా తీసేస్తారు. మళ్లీ పెట్టుకోవడం మర్చిపోయి వెళ్లిపోతారు. దాన్ని ఆవిడ డ్రాయర్‌లో పెట్టేది నేనే. బాధ కలిగించే ఉత్తరం చదవాల్సి వస్తే ముందు నీళ్లు తాగుతారు. నవ్వొస్తే మైకుకి దూరం జరుగుతారు, మీ చెవులు అదిరిపోతాయని. ఇవన్నీ నాకిష్టం. ఆవిడంటేనే నాకిష్టం. ఇన్నాళ్లూ చెప్పలేదు."

నాలుక కరుచుకున్నాను. మాట అప్పటికే ఊరంతా చేరిపోయింది.

ఇంతలో ఫోన్ లైటు మెరిసింది. ఆమె లైను కలిపింది.

"ఒరేయ్, నేనురా, అమ్మని!"

"అమ్మా, లైవ్‌లో ఉన్నాను!"

"తెలుసులే, వింటూనే ఉన్నా. ఇంట్లో నోరు విప్పవు గానీ ఊరందరికీ చెప్తావా? ఆ అమ్మాయికి గొంతు తగ్గాక, తనకి ఇష్టమైతేనే, ఇంటికి తీసుకురా. జూకాలు రెండూ పెట్టుకు రమ్మను." ఫోన్ పెట్టేసింది.

గాజు అవతలికి చూడాలంటే భయమేసింది. అయినా చూశాను. ఆమె చెయ్యి మెల్లగా పైకి లేస్తోంది. మెడ దాకా వచ్చింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆ చెయ్యి మెడ దగ్గర ఆగలేదు. హెడ్‌ఫోన్ కాస్త పక్కకి జరిపి, బల్ల మీది జూకా తీసి, నాకు కనిపించేలా ఎడమ చెవికి పెట్టుకుంది.

ఆ తర్వాత రెండు చేతులూ దగ్గరికి తెచ్చి సాగదీసింది. ఇంకా, ఇంకా, ఆ చిన్న గదిలో వేళ్లు గోడలకి తగిలేదాకా.

నేను కుర్చీ ముందుకు లాక్కుని మళ్లీ మైకు అందుకున్నాను.