ఏడో ప్రశ్న, ఆప్షన్ సి

"ఈ ప్రశ్న ఎవరు రాసిన్రు?"

పాలకుర్తి దవాఖానలో కంప్యూటర్ ముందు కూర్చున్న నర్సు జమున గట్టిగానే అడిగింది.

"నేనే," అన్నాడు వెనక నిలబడ్డ జగదీష్, కొంచెం గర్వంగా.

"ఎప్పుడన్న తండ చూసినవా సారూ?"

గర్వం అక్కడితో ఆగింది.

జగదీష్‌ది జనగామ, తండ్రిది కిరాణా దుకాణం. హైదరాబాద్‌లో ఉద్యోగం. ఊళ్లో అంటువ్యాధి మొదలైతే ఏం చేయాలో ఆరోగ్య సిబ్బందికి నేర్పే ఆన్‌లైన్ పాఠాలు తయారుచేస్తాడు. ఒక పాఠాన్ని ఇక్కడ పరీక్షించడానికి ఒక్కరోజు పని మీద వచ్చాడు. సకల జనుల సమ్మెలో బస్సులు లేవని నాలుగు రోజులుగా ఇక్కడే ఉండిపోయాడు. జనగామ దాకా ఆటోలు నడుస్తున్నాయి. ఆ సంగతి అతను ఎవరి దగ్గరా ఎత్తలేదు.

తండాలో పదిమందికి వాంతులు, విరేచనాలు. ముందు ఏం చేస్తారు? ఇదీ ఏడో ప్రశ్న. సరైన జవాబు ఏ: ఇంటింటి సర్వే. జమున రెండుసార్లు సి నొక్కింది: తండా పెద్ద అయిన నాయక్‌కు చెప్పాలి. రెండుసార్లూ తప్పే. ఇంకొక్కసారే మిగిలింది. అదీ పోతే ఆమె కాంట్రాక్టు పొడిగించరు.

"ఏ నొక్కండి మేడం. అయిపోతది."

"అబద్ధం నొక్కాల్నా? నడువు, చూపిస్త."

స్కూటీ మీద పెద్దవంగర దారిలో ఉన్న తన సొంత తండాకు తీసుకుపోయింది. "ఇగ చెయ్ సర్వే."

జగదీష్ ముప్పై గడపలు తిరిగాడు. పత్తి ఏరే రోజులు. ముప్పై తలుపులకూ తాళాలే. వివరాలివ్వడానికి ఒక కుక్క మాత్రం సిద్ధంగా ఉంది.

అప్పుడు జమున, తండా నాయక్ మోతీలాల్‌కు ఒక మాట చెప్పింది. ఆయన చేన్ల దిక్కు తిరిగి ఒక్క కేక వేశాడు. పావుగంటలో తండా మొత్తం ఆయన వాకిట్లో ఉంది. ఎవరికీ ఏ రోగమూ లేదని తెలిశాక అందరూ జగదీష్‌ను లంబాడీలో తిట్టారు.

"ఏమంటున్నరు?"

"మంచోడంటున్నరు."

జమున తల్లి అతనికి అర్థం కావాలనే తెలుగులో అడిగింది. "ఎవరే ఈ పిలగాడు?"

"మాకు చదువు చెప్పనీకె వచ్చిండు యాడీ."

"నేర్చుకున్నడా మరి?"

తిరిగొచ్చి జగదీష్ ఏడో ప్రశ్నకు సరైన జవాబును సి అని మార్చాడు. వెంటనే హైదరాబాద్ ఆఫీసు నుంచి పెద్దసారు ఫోన్ చేశాడు.

"ఒక అమ్మాయి కోసం పాఠం మారుస్తావా? ఉద్యోగం వద్దా?"

"తప్పు రాసినం సార్. రేపు నిజంగ రోగమొస్తే తాళాలకు సెలైన్ ఎక్కించలేం కద."

"సరే, ఉంచు."

జమున సి నొక్కింది. తెర మీద పచ్చగా 'ఉత్తీర్ణులు' అని వచ్చింది. ఆమె తెరను కాకుండా అతన్ని చూసింది.

"నిజంగనే నా కోసం మార్చలేదా?"

"నీ కోసమైతే పొద్దున అబద్ధం నొక్కమన్న. నిన్ను చూసినంకనే నిజం రాసిన." జగదీష్ గొంతు సవరించుకున్నాడు. "నువ్వంటే నాకు ఇష్టం జమునా."

"మీ దుకాణపోళ్లు ఒప్పుకుంటరా?"

"మా బాపు లొల్లి చేస్తడు. నేను గూడ చేస్త. తెలంగాణ వచ్చినంక పెండ్లి చేసుకుందమా?"

"ఢిల్లీవోళ్లను నమ్ముకొని పెండ్లి ఆపుకుంటమా?" జమున నవ్వు ఆపుకుంటూ కంప్యూటర్ కట్టేసింది. "ఐతారం వచ్చి మా యాడిని అడుగు."