అర అంగుళం అడ్డు

"ఆ విమానం ఇవాళ కూలుతుందట. ఎలాగో కనిపెట్టు." చీఫ్ బ్రీఫింగ్ అంతే.

ఆ కబురు పంపింది మెరుపు. పరాయి ముఠాలో మన మనిషి. ముఠా లెక్కలో మాత్రం మన దగ్గరున్న వాళ్ల మనిషి.

ఏజెంట్ గద్ద మెకానిక్ వేషంలో హ్యాంగర్‌లో దూరి, విమానాన్ని ముక్కు నుంచి తోక దాకా జల్లెడ పట్టాడు. ఆఖరికి పైలట్ తొడకి కట్టుకునే నీబోర్డు మిగిలింది. మ్యాపు, చెక్‌లిస్టు క్లిప్పుకి తగిలించుకునే పలక. నిన్ననే వచ్చిన కొత్త సరుకు. స్కానర్ పెట్టాడు. బాంబు లేదు. చిప్ లేదు.

"క్లీన్," అన్నాడు.

పైలట్ అతని సొంత అక్క మొగుడే.

"ఏరా బామ్మర్దీ, నా తొడ కూడా స్కాన్ చేస్తావా?"

"అసలిదెందుకు బావా? తల వంచి దీన్ని చదువుతూ కూర్చుంటే కొండ ఎదురొచ్చినా కనపడదు. అన్నీ స్క్రీన్ మీద ఉన్నాయిగా?"

"స్క్రీన్ ఆరిపోతే మీ అక్కకి ఫోన్ చేసి దారి అడగాలా?" బావ నవ్వుతూ నిచ్చెనెక్కాడు.

గేటు బయట మెరుపు గద్ద కారెక్కింది. నల్ల కళ్లద్దాలు, తల తిరిగే సెంటు, మెడలో ముఠా వేసిన నెక్లెస్. అందులో మైకు. పెదవి విప్పితే ప్రాణం పోతుంది. అందుకే బండరాయిలాంటి హ్యాండ్‌బ్యాగు అతని ఒళ్లో పడేసి, "ఎడమకి తిప్పు" అంది.

తిప్పాడు. స్టీరింగ్ పట్టుకున్న చెయ్యి బ్యాగుకి తగిలి ఆగిపోయింది. కారు స్తంభాన్ని రాసుకుంటూ నిలబడింది.

మెరుపు పైకి చూసింది. బావ విమానం గాల్లోకి లేచింది.

గద్దకి అప్పుడు వెలిగింది. విమానాన్ని తిప్పే కంట్రోల్ స్టిక్ ఉండేది పైలట్ రెండు కాళ్ల మధ్యే! ఆ బోర్డు మామూలు దానికన్నా అర అంగుళం మందం. చేతులారా పట్టుకున్నాడు. లోపలేముందో వెతికాడే తప్ప, దాని లావు చూడలేదు. ఇవాళ్టి విన్యాసంలో నేల దగ్గర రోల్ కొడితే, అంటే విమానాన్ని పక్కకి దొర్లిస్తే, స్టిక్ దానికి తగిలి ఆగిపోతుంది.

కారు దిగి నెక్లెస్ మైకుకి వినపడనంత దూరం పరిగెత్తి, వాచీలో రేడియో నొక్కాడు.

"బావా! తొడ మీది బోర్డు పీకెయ్!"

"రోల్‌లోకి వెళ్తున్నానురా. క్లీన్ అన్నది నువ్వేగా?"

"తప్పు చెప్పాను బావా. సరిగా చూడలేదు. అక్క మీద ఒట్టు, పీకెయ్!"

విమానం అప్పటికే పక్కకి ఒరిగింది. రెక్క నేలకేసి దిగుతోంది. రేడియోలో చర్రుమని పట్టీ ఊడిన చప్పుడు. రెక్క గడ్డిని దువ్వినంత పని చేసి పైకి లేచింది.

"సగంలో ఆగిపోయిందిరా స్టిక్..." బావ గొంతులో నవ్వు లేదు.

ముఠా తరఫున ఆ బోర్డు చేరవేసిన స్టోర్‌కీపర్ సాయంత్రానికల్లా దొరికాడు. "నా కాపురం నిలబెట్టావురా తమ్ముడూ," అని అక్క ఫోన్లో ఏడ్చింది. గద్దకి ఆ మాట ముల్లులా దిగింది.

"కనిపెట్టింది నేను కాదు సర్, మెరుపు," అన్నాడు చీఫ్‌తో.

"ఆవిడింకా ఆ ముఠాలోనే ఉంది. పేరు బయటికి రాకూడదు. మెచ్చుకోలు నీకే, మోయాల్సిందే. ఇంతకీ పైలట్లు నీబోర్డు కట్టుకోవచ్చా, వద్దా? పైవాళ్లు నీ అభిప్రాయం అడుగుతున్నారు."

గద్ద తల దించుకున్నాడు. "కట్టుకోవచ్చు సర్. తనిఖీకి మాత్రం కాస్త కళ్లున్నవాణ్ని పంపండి."