ప్రతి నవలలోనూ పోయే అమ్మ

ఉదయం ప్రార్థన ముగించుకుని రచయితగారు కొత్త నవల కాగితాలతో కుర్చీలో కూర్చున్నారు. రాసిన ప్రతి అధ్యాయాన్నీ భార్యకు చదివి వినిపించడం పెళ్లయిన నాటి నుంచీ ఆయనకు అలవాటు. ఆమె బల్ల దగ్గర నిలబడి బట్టలు ఇస్త్రీ చేస్తూ వింటుంది. ఆమె కళ్లు చెమర్చాయంటే ఇక ఆ అధ్యాయం అచ్చుకు వెళ్లినట్టే.

ఆ రోజు పక్కనే కూర్చున్న కూతురు అడ్డుపడింది. నవలల్లో ఆడవాళ్లను ఎలా చిత్రించారన్న విషయం మీద ఆమె కాలేజీలో పరిశోధన చేస్తోంది.

"నాన్నా, మధ్యాహ్నం సదస్సులో నేను చదివే వ్యాసం నీ నవలల మీదే. నువ్వు వద్దంటే చదవను."

ఆయన ముఖం వెలిగిపోయింది. "వద్దని ఎందుకంటాను తల్లీ? ఏం రాశావు?"

"నీ ప్రతి నవలలోనూ అమ్మ సగంలోపే పోతుంది. పోయేదాకా అందరికీ వండిపెడుతుంది, ఓర్చుకుంటుంది. తనకేం కావాలో ఒక్కసారీ చెప్పదు. పోయాక మాత్రం అందరూ దేవత అంటారు."

వెలిగిన ముఖం అంతలోనే మాడిపోయింది. "తల్లిని దేవతను చేయడం తప్పా? నీ చదువుకో దండం. అవి చదివి ఎంతమంది కంటతడి పెట్టారో మీ అమ్మనడుగు. ఏమోయ్, నువ్వే చెప్పు. ఆ తల్లులకి నేనేం తక్కువ చేశాను?"

ఆమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. "తక్కువేం చేయలేదండీ. మహా బాగా చంపుతారు."

కూతురు నవ్వు ఆపుకుంది. ఆయన నవ్వలేదు.

"ఆవిడ నడక నాది, ఆవిడ దగ్గు నాది. నా చావు నాకే చదివి వినిపిస్తుంటే ఏడుపొచ్చేది. మీరేమో బాగా కుదిరిందని సంబరపడేవారు."

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"కథ ఎలా ఉందనే కదా అడిగారు. కథ బాగానే ఉండేది."

ఆయన చేతిలోని కాగితాల వైపు చూసుకున్నారు. ఈ అధ్యాయంలోనూ ఆ తల్లి పోతోంది. కాగితాలు మడిచి, తల దించుకునే అన్నారు.

"నువ్వు లేకపోతే నా గతేమిటన్న భయం. అదే ప్రతిసారీ అలా వచ్చేసేది."

"అయితే ఆ భయమే రాయండి. నన్ను చంపడం దేనికి?"

"బతికిస్తే ఆవిడ చేత ఏం చేయించాలో తెలియడం లేదు."

"ముందు కాస్త కూర్చోనివ్వండి."

ఆయన తలెత్తి చూశారు. గదిలో నిలబడి ఉన్నది ఆమె ఒక్కతే. చప్పున లేచి, తన కుర్చీ ఆమె దగ్గరికి జరిపారు. ఆమె మొహమాటపడుతూనే కూర్చుంది.

"వ్యాసం చదవమంటావా నాన్నా?" కూతురు మెల్లగా అడిగింది.

"చదువు. ముందు వరసలో మా ఇద్దరికీ చోటుంచు." అని, ఆయన కలం తీసుకుని ఆ అధ్యాయం అడ్డంగా కొట్టేసి భార్య వైపు తిరిగారు. "ఇప్పుడు చెప్పు. ఆవిడకేం కావాలి?"

ఆమె కళ్లు తుడుచుకుని ఆలోచనలో పడింది. ఆయన కలం కదపకుండా, నిలబడే ఎదురుచూశారు.