పేరు మీద నడక

సూర్యబింబం సముద్రం నుంచి పూర్తిగా విడివడకముందే విశాఖ నగరమంతా ఇళ్లు వదిలి బయటికి వచ్చేసింది. ఉదయపు నడక ముగిసేదాకా కార్యాలయాలు తెరవరాదన్న చట్టం వచ్చాక ఆస్పత్రి వరండాలు బోసిపోయి, కొండదారులు కిక్కిరిశాయి. ప్రతివారి చీలమండకూ ఒక సన్నని బూడిదరంగు పట్టీ ఉంటుంది. దాని పేరు అడుగుసాక్షి.

కొండ ఎక్కుతున్న ఆడవాళ్ల గుంపులో ముందు నడుస్తున్న అమ్మాజీ చీలమండకు మాత్రం ఆ ఉదయం తనది కాని అడుగుసాక్షి ఉంది. అది జాలరిపేటలో మంచం పట్టి ఉన్న ఆమె వదిన నరసమ్మది. అమ్మాజీ సొంత పట్టీ ఇంట్లో ఛార్జింగుకు పెట్టి ఉంది; సాయంత్రం దాన్ని కట్టుకుని మళ్లీ నడుస్తుంది.

"అమ్మాజీ, కాస్త నెమ్మది! నువ్వు నడుస్తున్నది నరసమ్మ పేరు మీద," అని వెనుక నుంచి హైమవతి కేకేసింది.

"నడవనీండి మేడమ్‌గోరూ! మా వదిన మళ్లీ పడుచుదైపోనాదని ఆ మిసను అనుకుంటాది. అనుకోనీండి!"

అందరూ నవ్వారు. చేపల బజారులో గంపలు మోసి గట్టిపడిన కాళ్లు అమ్మాజీవి. క్యాన్సర్ ఆమె రొమ్మును తీసుకుందిగాని ఆ కాళ్ల జోలికి రాలేదు. ఆ గుంపులో క్యాన్సర్ తాకనివాళ్లు లేరు. తమను 'తిరిగొచ్చినవాళ్లు' అని పిలుచుకుంటారు. కళాశాలలో వృక్షశాస్త్రం బోధించి విరమించిన హైమవతి వాళ్ల సంఘానికి అధ్యక్షురాలు. రోగిని గదిలో పడుకోబెట్టి సూదులతో పొడవడం ఆపాలనీ, ఆరుబయటి నడకను వైద్యంగా గుర్తించాలనీ ఏళ్ల తరబడి సభల్లో వాదించింది ఆమే. చివరకు ప్రభుత్వం అంగీకరించింది. అడుగుసాక్షి అలా వచ్చింది. నడకను చూసి అది ఇచ్చే ఆజ్ఞ ప్రకారం భుజానికి అతికించిన మందుపట్టీ వెచ్చబడి, ఆ రోజు మోతాదును ఒంట్లోకి వదులుతుంది.

నడక మానినవాళ్లు మాత్రం కొంతకాలానికి విశ్రాంతి వర్గంలోకి జారిపోతారు. ఆ వర్గానికి నొప్పి తెలియనివ్వని మందే తప్ప జబ్బు నయం చేసే మందు ఉండదు. నరసమ్మ మంచం పట్టినప్పుడు సంఘానికి తోచిన ఉపాయం చాలా పాతది. ఒంట్లో బాగోలేనివారి మొక్కును సొంతవాళ్లు మోసి, వారి పేరు చెప్పుకుని సింహాచలం కొండ చుట్టూ నడిచి వస్తే చెల్లుతుంది కదా! అలాగే వంతులు వేసుకున్నారు. అందులో మోసముందని ఎవరికీ అనిపించలేదు. రక్తంలో జబ్బు ఎంతుందో మందుపట్టీ చూసుకుంటుంది, నడక జరిగిందో లేదో అడుగుసాక్షి చూసుకుంటుంది అనుకున్నారు.

కొండ కొమ్ముకు చేరగానే అమ్మాజీ కాలి పట్టీ ఆకుపచ్చగా వెలిగి మాట్లాడింది.

"అభినందనలు, నరసమ్మ గారూ. మీ వ్యాధి పూర్తిగా తగ్గింది. నేటితో చికిత్స ముగిసింది."

అమ్మాజీ ఆనందంతో రోడ్డు మీదే కూలబడి ఏడ్చింది. జబ్బు తగ్గినవాళ్ల కోసం సంఘం అక్కడ కట్టిన ఇత్తడి గంటను ఒకరి తరవాత ఒకరు మోగించారు. తన వంతు వచ్చినప్పుడు హైమవతి చెయ్యి గంట తాడు మీదే ఆగిపోయింది. నిన్న సాయంత్రం నరసమ్మ గంజి కూడా మింగలేకపోయింది.

కొండ దిగువన నడక కేంద్రంలో లిఖిత అనే యువ అధికారిణి తెర మీద వివరాలు చూసి సంతోషంగా తలెత్తింది. "చాలా మంచి ఫలితమండీ! నెలరోజులుగా మోతాదు తగ్గుతూనే వచ్చింది."

"రక్తపరీక్షలో ఏం తేలింది?"

"రక్తపరీక్ష ఏమిటండీ? అడుగు పడే తీరులోనే ఒంట్లో జబ్బు ఎంతుందో తెలుస్తుంది. మందుపట్టీలో రక్తం తీసే సూదిని ఎప్పుడో తీసేశారు. సూదులు వద్దని అడిగింది మీ సంఘమే కదా!"

నరసమ్మ పట్టీ కట్టుకుని తాము వంతులవారీగా నడిచిన సంగతి హైమవతి ఏదీ దాచకుండా చెప్పింది.

"నన్ను శిక్షించండి. ఆమె మందు మాత్రం ఇవాళే మొదలుపెట్టండి."

"నా మాట అడుగుసాక్షి వినదండీ. మీ మాటా వినదు. అడుగు ఒక్కటే దానికి సాక్ష్యం. ఆవిడే ఆరుబయట, ఎవరి ఆసరా లేకుండా నడవాలి. అప్పుడు అదే తెలుసుకుంటుంది."

జాలరిపేటలో నరసమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. హైమవతీ అమ్మాజీ చెప్పినదంతా విని, తాను అక్కగా భావించే హైమవతి వైపు తిరిగింది.

"పొద్దున గంట వినబడ్డాది అప్పా. ఎవులికో తగ్గిపోనాదని దండం ఎట్టుకున్నాను. అది నాకేనా?"

హైమవతి ఆమె కాలికి పట్టీ కట్టింది. చివరి రంధ్రం దాకా బిగించినా అది వదులుగానే ఉంది.

నరసమ్మ వీధిలోకి దిగింది. ఇరుగుపొరుగు గుమ్మాల్లో నిలబడిపోయారు. అసంకల్పితంగా చాచిన చేతిని హైమవతి వెనక్కి లాక్కుంది. కాలు ఈడ్చుకుంటూ, గాలిని పట్టుకోబోతున్నట్టు చేతులు ఆడిస్తూ, నరసమ్మ వీధి కుళాయి దాకా నడిచి దాని మీద వాలిపోయింది.

పట్టీ పసుపుపచ్చగా వెలిగింది.

"నరసమ్మ గారూ, ఈ ఉదయపు నడకతో పోలిస్తే మీ అడుగు హఠాత్తుగా తడబడింది. వ్యాధి ఇంత వేగంగా తిరిగి రాదు. మీ మడమ బెణికింది. భయపడనవసరం లేదు. నూనె రాసుకుని, నడక మాని విశ్రాంతి తీసుకోండి."

నరసమ్మ భుజం మీది మందుపట్టీని హైమవతి తడిమి చూసింది. చల్లగా ఉంది.

"కాలు బెణికినాదంట!" నరసమ్మ నవ్వబోయింది, నవ్వు దగ్గయింది. "ఇన్నాళ్లూ గంజి దిగనిది అందుకేనేటప్పా?"

ఇద్దరూ కలిసి ఆమెను మోసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టారు. అమ్మాజీ వెంటనే గుమ్మం దగ్గరికి వెళ్లిపోయి తన మోకాళ్లను పిడికిళ్లతో కొట్టుకుంది. "ఈ కాళ్లే వదినా, ఈ కాళ్లే నిన్ను..."

"ఊరుకోవే. ఇలా రా. కొండమీంచి ఓడలు కనబడ్డాయా?"

"కనబడ్డాయి వదినా. రెండొచ్చినాయి."

"బాగున్నాయా?"

"ఒకటి తెల్లగా, పెళ్లికూతురులాగుంది."

నరసమ్మ కళ్లు మూసుకుంది. మరునాటి నుంచి మళ్లీ మళ్లీ నడిస్తే పట్టీ ఏదో ఒక రోజు సంగతి గ్రహిస్తుంది. అయితే మరొక్కసారి నడిచే బలం ఆ కాళ్లలో లేదని ముగ్గురికీ తెలుసు.

కాసేపటికి హైమవతి లేచి, వంటగదిలో కొబ్బరినూనె గోరువెచ్చగా కాచి తెచ్చింది. ఏ గాయమూ లేని ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని, వేలి కొసల నుంచి మడమ దాకా మెల్లగా రాయసాగింది.